చిలుక తొర్రకు ప్లాస్టిక్ పూలు

తొంభైల మొదట్లో నేను బోరబండలో ఉంటూ, ఫిలింనగర్‌లో సెట్ అసిస్టెంటుగా పనిచేసేవాణ్ని. ఒక పాట కోసం మా యూనిట్ అండమాన్‌లోని ఓ దీవికి వెళ్లింది. ఎండ నేలమీద పడనంత దట్టమైన అడవి. అలాంటి చోటికి హైదరాబాద్ నుంచి నాలుగు పెట్టెల ప్లాస్టిక్ పూలు మోసుకెళ్లాం.

డైరెక్టరుగారు ఒక పెద్ద చెట్టును చూసి, "కలర్ లేదయ్యా. పూలు కొట్టు. ఆ నల్లటి తొర్ర మచ్చలా ఉంది, దాన్నీ మూసెయ్" అన్నారు. నిచ్చెనెక్కి కొమ్మలకు పూలు, తొర్ర మీద ఒక పెద్ద గుత్తి పెట్టి మేకులు కొట్టాను.

సగం పాట తీశాక ఒక చిలుక వచ్చి, ఆ పూలగుత్తి చుట్టూ అరుస్తూ తిరగసాగింది. నిచ్చెనెక్కి చెవి పెడితే లోపల పిల్లల కూతలు వినిపించాయి.

"సార్, లోపల పిల్లలున్నయ్. ఈ ఒక్క గుత్తి తీస్త."

"తీస్తే కంటిన్యుటీ పోతుంది, ఇంతవరకు తీసిన షాట్లతో కలవదు. సాయంత్రం దాకా ముట్టుకోకు."

ఒళ్లు మండిపోయింది. "గప్పటిదాక అవి సస్తే మీ కంటిన్యుటీ ఏం జేసుకుంటరు సార్" అంటూ గుత్తిని మేకులతో సహా పీకేశాను. ఆ యూనిట్‌లో అదే నా ఆఖరి రోజు. మిగతా పాట ఇంకో చెట్టు దగ్గర, అవే పూలతో తీశారట.

సినిమా విడుదలయ్యాక చూడ్డానికి వెళ్లాను. ఆ పాట రాగానే పక్క సీటాయన, "జూబ్లీహిల్స్‌ల సెట్ మస్తుగేసిండ్రు" అన్నాడు.

కోపంతో లేచి బయటికొచ్చేశాను. ఆయన మీద కాదు. అంత అడవిని సెట్‌లా మార్చిన మేకులు కొట్టింది నేనే.