నలభై పిన్నుల్లో ఒకటి

నా కొట్లో కేబుళ్ళకి మూడు సొరుగులుండేవి. పైది కొత్తవాటికి, మధ్యది పాతవాటికి, కిందది ఎందుకు పనికొస్తాయో నాకూ తెలియనివాటికి. మా ఆవిడ ఆ మూడోదాన్ని పాముల బుట్ట అనేది. బందరు కోనేరు సెంటరు దగ్గర ఒక మేడ మెట్ల కింద ఉండేది ఆ కొట్టు. రెండువేల సంవత్సరం దాటి నాలుగేళ్ళు కాలేదింకా. ఊళ్ళో సగంమంది దగ్గర పాత కంప్యూటర్లు, మిగతా సగంమంది దగ్గర కొత్తవి. పాత ప్రింటరు తగిలించడానికి కొత్త కంప్యూటరులో చోటుండదు. పాత కీబోర్డు మూతి లావు, కొత్త పెట్టెకున్న కన్నం సన్నం. ఆ రెంటికీ మధ్యన ఏదో ఒక ముక్క పెట్టి పొత్తు కుదర్చడమే నా బతుకుతెరువు.

ఆ పనిలో నాకు పొగరుండేది. ఇప్పుడు దాచుకుని ప్రయోజనం లేదు. ఎవరైనా ఇంట్లో కేబులు బలవంతంగా గుచ్చి, పిన్నులు వంచుకుని తీసుకొస్తే ముఖం మీదే తిట్టేవాణ్ణి. "పట్టలేదంటే అది దానికి సరిపోయేది కాదని అర్థమండీ. తోస్తే పడుతుందా?" అనేవాణ్ణి. రోజుకి నాలుగుసార్లు అనలేక ఒక తెల్ల కాయితం మీద పెద్దక్షరాలతో "తొయ్యవద్దు" అని రాసి, నా కుర్చీ వెనక గోడకి అంటించాను. వచ్చినవాళ్ళు అది చదివి నవ్వుకునేవాళ్ళు. నేను నవ్వేవాణ్ణి కాను.

దీపావళికి వారం ముందు ఒక పెద్దాయన వచ్చారు. పాత దుప్పట్లో చుట్టిన కంప్యూటరు పెట్టెని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని ఉన్నారు. దివిసీమలో నాగాయలంక దాటాక ఒక ఊళ్ళో బడిపంతులుగా చేసి రిటైరయ్యారట. తెల్లారి బస్సెక్కి, అవనిగడ్డలో ఒకసారి, చల్లపల్లిలో ఒకసారి మారి, దాన్ని ఒళ్ళోనే పెట్టుకుని వచ్చారు. దుప్పటి విప్పితే పెట్టె మీద దసరాకి పెట్టిన పసుపు బొట్లు ఇంకా ఉన్నాయి. మూత తీసి చూశాను. ఉప్పుగాలికి లోపలంతా తుప్పు పట్టి ఉంది.

"ఇది చచ్చిపోయింది మాస్టారూ. కొత్తది కొనుక్కోండి."

"కొత్తది బడికి వచ్చిందండీ. నాకు కావాల్సింది ఇందులో ఉన్న ఒక్క కాయితం," అన్నారాయన.

ఏం కాయితమని విసుగ్గానే అడిగాను. ఆయన స్టూలు మీద కూర్చుని, పాఠం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు.

డెబ్భై ఏడులో, ఉప్పెన వచ్చిన ఏడాది, ఆయన ఆ ఊరి బళ్ళోనే పనిచేస్తున్నారు. బడి మళ్ళీ తెరిచిన రోజున హాజరుపట్టీ తీసి, అలవాటు కొద్దీ మొదటి పేరు నుంచి చదవడం మొదలుపెట్టారు. లేనివాళ్ళ పేర్లు కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. ఒక పేరు దగ్గర ఆగిపోతే, ఆ పిల్లవాడి పినతండ్రి కొడుకు లేచి నిలబడి "మావాడే సార్" అన్నాడట. తర్వాత పేరుకి ఇంకొకడు లేచాడు. అలా పట్టీ పూర్తయింది. ఆ మరుసటి ఏడాది ఊళ్ళో పెద్దలు వచ్చి, పిల్లలవే ఎందుకు, అందరివీ చదవండి మాస్టారూ అన్నారు. అప్పటినుంచి ఏటా కార్తీకంలో ఉప్పెన వచ్చిన తిథినాడు కాలవగట్టు మీద ఊరంతా కూర్చుంటుంది. ఆయన పోయినవాళ్ళ పేర్లన్నీ చదువుతారు. ఒక్కొక్క పేరుకీ వాళ్ళ తాలూకు ఎవరో ఒకరు "మా మనిషే" అంటారు. అన్నాక ఆయన ఆ పేరు పక్కన టిక్కు పెడతారు. చదవడం అయిపోయాక ఆ కాయితాన్ని కాలవలో వదిలేస్తారు. నీళ్ళు తీసుకుపోయినవాళ్ళ కాయితం మళ్ళీ ఇంటికి తెచ్చుకోకూడదని ఊరి కట్టడి.

"ఏటా నోటుపుస్తకంలోంచి కాయితం మీదకి ఎక్కించుకునేవాణ్ణి. బడికి ఈ కంప్యూటరు ఎవరో ఇచ్చాక, రెండు వేసవులు కూర్చుని పేర్లన్నీ ఇందులో కొట్టాను. తెలుగు లేదు కదా, ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాను. పూర్తయిన ఏడు, ఆ నోటుపుస్తకాన్ని కూడా కాయితంతోపాటు కాలవలో వదిలేశాం."

"నోటుపుస్తకాన్ని కాలవలో వేశారా?" నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

"కంప్యూటర్లోకి ఎక్కింది కదా, ఇంక తడవదు, చెదలు పట్టదు అనుకున్నానండీ. రెండు చోట్లా ఉంటే అది వాళ్ళని పట్టి ఉంచినట్టవుతుందన్నారు పెద్దలు. ఫ్లాపీలో ఒకటి పెట్టుకున్నాను, బూజు పట్టింది."

పేర్లు మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి అడిగి రాసుకోవచ్చు కదా అన్నాను.

"ఉన్నవాళ్ళ మనుషుల పేర్లు ఉన్నవాళ్ళు చెప్తారండీ. ఇల్లు మొత్తం పోయినవాళ్ళవి ఎవరు చెప్తారు? మా ఊళ్ళో మంత్రసాని ఒకావిడ ఉండేది. అందరికీ పురుళ్ళు పోసిన మనిషి. ఆ ఇళ్ళ పేర్లన్నీ ఆవిడే చెప్పింది నాకు. గట్టు మీద కూడా వాళ్ళ తరఫున ఆవిడే పలికేది. నాలుగేళ్ళయింది ఆవిడ పోయి."

తిథికి ఇంకా పదిహేను రోజుల పైచిలుకు ఉంది. మాస్టారు పక్కనే ఉన్న గూడూరులో చెల్లెలి ఇంట్లో ఉంటానని, రేపు వస్తానని చెప్పి వెళ్ళిపోయారు.

పని పెద్దదేం కాదనుకున్నాను. పాత పెట్టెలోంచి హార్డ్ డిస్కు ఊడదీసి, కొత్త కంప్యూటరుకి కేబులుతో తగిలించి, లోపలున్నది రాబట్టడం. ఆ డిస్కు వెనక నలభై సన్నటి పిన్నులుంటాయి, ఇరవై చొప్పున రెండు వరసలు. పై సొరుగులోంచి కొత్త కేబులు తీశాను. పెడితే దిగలేదు. తుప్పనుకున్నాను. ఊది, తుడిచి, మళ్ళీ పెట్టాను. దిగలేదు. నిజం చెప్పాలంటే, నోటుపుస్తకం సంగతి విన్నప్పటినుంచీ నాకు కోపంగా ఉంది. ఎవరి మీదో కూడా తెలియని కోపం. రెండు బొటనవేళ్ళూ ఆనించి తోశాను.

చిన్నగా కటుక్కుమంది. తీసి చూస్తే మధ్యలో ఒక పిన్ను అడ్డంగా పడుకుని ఉంది. సూదిమొనతో మెల్లిగా లేపబోయాను. అది ఊడి బల్ల మీద పడింది. వడ్లగింజ ముల్లంత ఉంది.

ఎంతసేపు దాన్నే చూస్తూ కూర్చున్నానో తెలియదు. నలభై తీగల్లో ఒకటి తెగితే పేర్లు సగం వస్తాయా, తప్పులుగా వస్తాయా, అసలు రావా? ఎవరూ మిగలని ఇళ్ళ పేర్లు నా రెండు బొటనవేళ్ళ కింద పోయాయా? అంత భయం నేను ఎప్పుడూ పడలేదు. లేచి వెనక్కి తిరిగితే గోడ మీద నా అక్షరాలే కనిపించాయి. ఆ కాయితాన్ని చింపి బుట్టలో వేశాను.

మర్నాడు మాస్టారు వచ్చారు. "ఒక సామాను కావాలండీ, గుడివాడ వెళ్ళి తేవాలి," అని చెప్పాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆయన సరేనని తలూపి, కొట్టు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు.

గుడివాడలో ఒక సాయిబుగారు ఉండేవారు. రైసుమిల్లుల్లోనూ ఆఫీసుల్లోనూ పారేసే కంప్యూటర్లు కొని, విప్పి, ముక్కలుగా అమ్మేవారు. ఆయన దగ్గర బేరమాడి ఎన్నో కేబుళ్ళు తెచ్చుకున్నాను గానీ, సలహా అడగడానికి ఎప్పుడూ వెళ్ళలేదు. జేబురుమాల్లో చుట్టిన డిస్కుని ఆయన చేతిలో పెట్టాను.

"ఏందయ్యా, ముఖం అలా పెట్టావు?"

"పిన్ను విరగ్గొట్టానండీ."

ఆయన కళ్ళజోడు పైకి తోసి, డిస్కుని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, గోటితో పిన్నులు లెక్కపెట్టారు. మధ్యకి వచ్చి ఆగారు.

"ఇదేనా? ఇదేమీ మొయ్యదయ్యా. దీని వెనకాల తీగే లేదు. ఊరికే చోటు కోసం ఉంటుంది, అంతే. తర్వాత్తర్వాత కంపెనీలవాళ్ళు దాన్ని తీసేసి, కేబుల్లో ఆ కన్నం మూసేశారు, ఎవరూ తిరగేసి పెట్టకుండా. ఇది పాతది కాబట్టి ఉంది. నువ్వు మూసిన కన్నంలోకి తోశావు."

ఎన్ని వందల కేబుళ్ళు తగిలించి ఉంటానో, ఆ ఒక్క కన్నం ఎందుకు మూసి ఉందని ఒక్కసారి కూడా అడగలేదు నేను. అక్కడున్న మానిటరు అట్టపెట్టె మీద కూర్చుండిపోయాను.

"నలభైలో విరగ్గొట్టడానికి అదొక్కటే దొరికింది నీకు. పక్కదైతే ఏడుస్తూ పోయేవాడివి," అన్నారాయన. తర్వాత సామాను గుట్టలోంచి ఒక పాత కేబులు లాగారు. బూడిదరంగు పట్టీ, ఒక అంచుకి ఎర్ర గీత, నలభై కన్నాలూ తెరిచే ఉన్నాయి. "ఇప్పుడు నీ కొత్త కేబులు కూడా దిగుతుందిలే, అడ్డమొచ్చేది పోయిందిగా. అయినా ఇది పట్టుకెళ్ళు. తర్వాత వచ్చేవాడి పిన్నైనా మిగులుతుంది."

బందరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మాస్టారు అక్కడే ఉన్నారు. ఆయన ఎదుట నిలబడి జరిగింది చెప్పేశాను. తోశాననీ, విరిగిందనీ, దానివల్ల నష్టం లేదంటున్నారనీ.

"ఏదో అయిందని పొద్దున్నే అనుకున్నానండీ. గోడ మీద కాయితం లేదు," అన్నారు మాస్టారు. తప్పు చేసిన పిల్లల్ని ముప్పై ఏళ్ళు చూసిన మనిషి.

పాత కేబులు ఏ చప్పుడూ లేకుండా దిగింది. అయినా కంప్యూటరు ఆ డిస్కుని గుర్తుపట్టలేదు. డిస్కు మీద అంటించిన చీటీలో దాని కొలతల అంకెలుంటాయి, పాతవాటికైతే వాటిని మనమే చూసి కంప్యూటరుకి కొట్టి చెప్పాలి. చీటీ సగం చెరిగిపోయింది. మాస్టారు కళ్ళజోడు తీసి, దాదాపు ముక్కుకి ఆనించుకుని ఒక్కొక్క అంకే చదివారు. నేను కొట్టాను. రెండుసార్లు రాలేదు. మూడోసారి డిస్కు లోపల ఇసక జల్లెడ పట్టినట్టు చప్పుడైంది. కాసేపటికి తెర నిండా పేర్లు వచ్చాయి.

ఊరికే పేర్లు కావవి. ఇంటిపేరు, పేరు, ఇంట్లో ఏమని పిలిచేవాళ్ళు, ఎవరి మనిషి, ఏం చేసేవాళ్ళు. వలలు అల్లేవాడు. మేకలున్న ముసలమ్మ. మూడో క్లాసు, లెక్కల్లో చురుకు. మాస్టారు తెరకి తగలకుండా వేలు పెట్టి, ఒక్కొక్క వరసే కిందికి జరుపుకుంటూ వచ్చారు. ఒక ఇంటి దగ్గర వేలు ఆగింది. ఆ ఇంట్లో ఆరుగురు. ఆరో వరసలో పేరు ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. దాని పక్కన ఉన్నది నేనే పైకి చదివాను: ఆడపిల్ల, తొమ్మిది రోజులు, పేరు పెట్టలేదు.

"ఇరవై ఒకటో రోజున బారసాల చేద్దామనుకున్నారట. ఊరికి ఆ పిల్ల ముఖం కూడా తెలియదండీ. మంత్రసానికి తెలుసు," అన్నారు మాస్టారు. ఆ తర్వాత కళ్ళు తుడుచుకున్నారు. నేను ప్రింటరులో కాయితాలు సర్దుతున్నట్టు నటించాను.

మూడు ప్రింట్లు తీశాను. రెండు సీడీలు రాశాను, కొత్త ఫ్లాపీ ఒకటి. ఒక సీడీ నా దగ్గరే ఉంచుకుంటానన్నాను. "పెద్దలకి చెప్పకండి మాస్టారూ. పట్టి ఉంచడానికి కాదు, తడవకుండా ఉండటానికి."

ఆయన కొంచెం నవ్వారు. "తిథినాడు మీరూ రండి."

వెళ్ళాను. కొట్టు మూసి ఎక్కడికని మా ఆవిడ అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను. కాలవగట్టు మీద గోనెపట్టాలు పరిచారు. ముసలివాళ్ళు ముందు, ఉప్పెన తర్వాత పుట్టినవాళ్ళు వెనక. నేను అందరికంటే వెనక నిలబడ్డాను. మాస్టారు నేను తీసిచ్చిన కాయితం తెరిచి, హాజరు పిలిచినట్టు, అదే గొంతుతో చదవడం మొదలుపెట్టారు.

"మా మనిషే." ఒక ముసలాయన. "మా మనిషే." చేపల బుట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకావిడ. ఎవరూ ఏడవలేదు. ఒక్కొక్క గొంతు లేచి ఆగేది, మాస్టారు కలం కదిలేది.

ఎవరూ మిగలని ఇళ్ళు వచ్చాయి. ఆ పేర్లు చదివాక మాస్టారు ఒక్క క్షణం ఆగేవారు. ఎవరూ పలికేవారు కాదు. తమవాళ్ళు కానివాళ్ళని మా మనిషే అనడానికి అక్కడ ఎవరికీ నోరు రాదు, తప్పని వాళ్ళ భయం. నాలుగేళ్ళుగా అంతేనట. కలం కదలకుండానే ఆయన తర్వాతి పేరుకి వెళ్ళేవారు. ఆరుగురున్న ఆ ఇల్లు వచ్చింది, అందులో ఐదుగురూ అలాగే అయిపోయారు.

"ఆడపిల్ల, తొమ్మిది రోజులు," అన్నారు మాస్టారు. ఆగారు. కాలవలో నీళ్ళ చప్పుడు వినిపించింది.

"మా పిల్లే," అన్నాను.

నాకేం హక్కుందో ఆ రోజూ తెలియదు, ఇప్పటికీ తెలియదు. ముందు వరసల్లో తలలు వెనక్కి తిరిగాయి. పెద్దలు ఏమంటారోనని వాళ్ళవైపు చూశాను. మాస్టారు కళ్ళజోడు పైనుంచి నావైపు చూసి, ఆ ఖాళీ పక్కన టిక్కు పెట్టి, తర్వాతి పేరు చదివారు.