అట్ట ఓడ ముందు ఫొటో

సెలవు మీద ఇంటికొస్తే చాలు, ఎవరో ఒకరు నాకు శాలువా కప్పాలని చూస్తారు. నేను సరుకు ఓడల్లో ఇంజనీరుని. పెదబయలు పైన కొండ ఊళ్ళో పుట్టిన ఆడది ఓడెక్కిందంటే కింద మైదానం నుంచి వచ్చిన పెద్దమనుషులకి అదో వింత. ఆ శాలువాల మీద మా అమ్మ కాఫీ గింజలు ఆరబోస్తుంది. వాటికి అంతకంటే మర్యాద అక్కర్లేదు.

కిందటేడాది ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల వాళ్ళు పిలిచారు. ఆడపిల్లల్ని సైన్సు వైపు, సముద్రం వైపు ప్రోత్సహించే సభట. గేటుకి ఫ్లెక్సీ కట్టారు. అందులో హెడ్మిస్ట్రెస్ మొహంలో సగం ఉంది నా మొహం. వేదిక మీద అట్టతో చేసిన ఓడ, దానికి తెరచాపలు! నేను పనిచేసిన ఏ ఓడకీ తెరచాప అన్నది లేదు. పదో తరగతి పిల్లలకి మా కొండల ధింసా ఆట చీరలు కట్టి, నెత్తిన అద్దెకి తెచ్చిన తెల్ల టోపీలు పెట్టారు. నా కోసం వారం నుంచీ డాన్సు ప్రాక్టీసు చేయిస్తున్నామని హెడ్మిస్ట్రెస్ గొప్పగా చెప్పింది. ఏ పీరియడ్లలో అని అడిగాను.

"లెక్కల పీరియడ్లేనండి. ఎలాగూ సారు లీవులో ఉన్నారు."

సైన్సు గదికి తాళం వేసి ఉంది. పిల్లలు ముట్టుకుంటే గాజు సామాన్లు పగులుతాయట. అదే నోటితో ఆవిడ మైకు పట్టుకుని, సముద్రం మిమ్మల్ని పిలుస్తోంది అంది.

నా వంతు వచ్చింది. ఉపన్యాసం మానేసి, కూర్చునే మైకు అందుకుని, ఏదైనా అడగండి అన్నాను. టోపీ చెవుల మీదకి జారిపోతున్న ఒక పదో తరగతి గుంట లేచింది.

"ఓడ ఇంజిను పని సేయాలనుంది అక్కా. మరి పది అయ్యాక మా అందర్నీ నర్సింగ్ కోర్సుకి రాసేసినారు. అందులోంచి ఓడకి ఎల్లడానికి దారుంటాదా?"

ఉండదు. ఇంటర్లో లెక్కలూ ఫిజిక్సూ లేకపోతే ఆ చదువులోకి రానివ్వరు. నర్సు పని తక్కువని కాదు, కావాలనుకున్నవాళ్ళు చెయ్యాలి. ఈ గుంటని ఎవరూ అడగలేదు.

ఆ మాటే పైకి చెప్పాను. హెడ్మిస్ట్రెస్ నా చెవి దగ్గరికి వంగింది.

"వీళ్ళకి లెక్కలు ఎక్కడ ఎక్కుతాయండీ? తప్పితే మాకే చెడ్డపేరు. ఈ సభలన్నీ ఏదో మోటివేషన్ కోసమే కదా!"

నవ్వుతూ చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా పదో తరగతిలో ఇంకో మేడమ్ ఇదే మాట అంది. మా నాన్న బడి మెట్ల మీద పొద్దుగూకేదాకా కూర్చుంటే గానీ నాకు లెక్కల గ్రూపు రాయలేదు. మనుషులు మారారు, ఆ నవ్వు మాత్రం మారలేదు.

ఇంతలో ఫొటోగ్రాఫరు ఓడ ముందు నిలబడమన్నాడు. నేను కుర్చీలోంచి కదల్లేదు.

"ఆ గుంటకి లెక్కల గ్రూపు రాయండి, అప్పుడు ఫొటో దిగుతాను" అన్నాను, మైకులోనే.

హెడ్మిస్ట్రెస్ పళ్ళికిలించింది. నన్ను చూసింది, కెమెరాని చూసింది. సాయంత్రంలోగా పైవాళ్ళకి ఫొటో పంపాలి పాపం. చివరికి గుమాస్తాని పిలిచి అక్కడికక్కడే గ్రూపు మార్పించింది. పిల్ల తెలివి చూసి కాదు, మార్కులు చూసి కాదు, ఫొటోలో నా పక్కన తను నిలబడ్డానికి. ఒక ఆడపిల్ల చదువు ఖరీదు వీళ్ళకి అంతే.

శాలువా కప్పించుకుని, ఆ దిక్కుమాలిన తెరచాపల ముందు నిలబడ్డాను.

వేదిక దిగగానే ఆ గుంట పరిగెత్తుకొచ్చింది. థాంక్స్ చెబుతుందేమో అనుకున్నాను. టోపీ తీసి చేత్తో పట్టుకుని, వెనక నిలబడ్డ ఇద్దరు స్నేహితురాళ్ళని చూపించింది.

"ఆళ్ళకీ లెక్కలే కావాలంట అక్కా. ఇంకో రెండు ఫొటోలు దిగుతావేటి?"