అప్పలసూరి రెండు దెబ్బలు

అప్పలసూరికి చేతులు ఊరకే ఉంటే ఒంట్లో బాగోనట్టుంటుంది. జంషెడ్‌పూర్ భుయ్యాడీహ్‌లోని అతని ఇంట్లో విప్పి మళ్ళీ బిగించని ఫ్యాను లేదు. టీ తాగుతున్నా గ్లాసును తిప్పుతూనే ఉంటాడు. ఇనుమును కాల్చి గుణం మార్చే చిన్న కార్ఖానాలో కొలిమి మేస్త్రీ. కొలిమిలోంచి వచ్చిన ఏ కడ్డీనైనా దాగలి మీద పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేస్తేగాని బయటికి పంపడు. ఒకటి వంపు తీయడానికి, రెండోది మోత విని లోపల పగులుందేమో తెలుసుకోవడానికి. అక్కడ అందరి పద్ధతీ అదే.

కూతురు ఉజ్వల కాలేజీ జట్టుతో కలిసి చిన్న ఉపగ్రహం తయారుచేస్తోంది. దాన్ని నిలకడగా ఉంచడానికి మోటారు లేదు, ఇంధనం లేదు. లోపలి అయస్కాంతం దిక్సూచి ముల్లులా భూమి అయస్కాంతశక్తి వెంట తిరుగుతుంది. నికెల్ కలిసిన సన్నని ఇనుప పుల్లలు ఉపగ్రహం ఊగిసలాటను కొద్దికొద్దిగా వేడిగా మార్చి తగ్గిస్తాయి. ఆ పుల్లలను కాల్చి, మెల్లగా చల్లార్చి, దెబ్బ తగలకుండా ఇమ్మని తండ్రికి అప్పగించింది. దెబ్బ తగిలితే ఆ గుణం పోతుందని మరీమరీ చెప్పింది కూడా.

పరీక్షలో పుల్లలు పనికిరాలేదు. తన లెక్కే తప్పిందనుకుంది పిచ్చిపిల్ల. అన్నం ముందు కూర్చుని, రేపు జట్టులోంచి తప్పుకుంటానని తల్లి సూర్యకాంతంతో చెప్పింది. అప్పలసూరి లేచాడు, కూర్చున్నాడు, సరిగ్గా ఉన్న కిటికీ గొళ్ళేన్ని మళ్ళీ బిగించాడు. సిగ్గుతో కంచం పక్కకు జరిపాడు. ఇన్నేళ్ళ అలవాటు, కూతురి మాట కంటే ముందు చెయ్యే కదిలింది మరి.

“నీ లెక్క తప్పు కాదమ్మా,” అన్నాడు చివరికి. “తప్పు నాది. తీసినాక రెండు దెబ్బలు ఏసీసినాను. సెయ్యి ఆగనేదు.”

ఉజ్వల హిందీలో తండ్రిని కడిగేసింది. కోపం చల్లారాక ఏడ్చింది. ఏడుపు ఆగాక, మరో జత పుల్లలు ఉన్నాయని, అవే ఆఖరని చెప్పింది.

మర్నాడు కార్ఖానాకు తనూ వెళ్ళింది. పుల్లలు చల్లారేదాకా అప్పలసూరి కొలిమి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. మూత తీసే వేళకు భుజం మీది తువ్వాలు ఆమెకిచ్చి, చేతులు వెనక్కి పెట్టి నిలబడ్డాడు.

“కట్టీయమ్మా,” అన్నాడు.

ఆమె నవ్వబోయి, తండ్రి ముఖం చూసి ఆగింది. గట్టిగా ముడివేసింది. పుల్లలను ఒక్కొక్కటిగా తనే తీసి దూది పరిచిన పెట్టెలో పెట్టింది. పెట్టె మూతపడేదాకా తువ్వాలు కింద అతని వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి.