టీవీల తాలైన తేజ మిర్చి

పొద్దున మా లోకల్ చానల్‌ల కారేపల్లి మిర్చి రైతు వీడియో వేసిన. ఫోన్‌ల రంగులు ఎక్కువ పట్టే హెచ్‌డీఆర్‌ల తీసిన. దాన్ని మామూలు టీవీకి తగ్గట్టు మార్చుడు మర్చిపోయిన. రంగులన్నీ వెలిసిపోయి కనపడ్డయ్. ఎంటనే ఆ రైతు ఫోన్ చేసిండు.

“ఏంది బిడ్డా, ఎర్రటి తేజ కాయల్ని తెల్లబడ్డ తాలుకాయల లెక్క చూపిచ్చినవ్? రేపే మార్కెట్‌కు తోలుతున్న, ఎవడు కొంటడు?”

తప్పు నాదే. జల్దీ రంగులు సరిజేసి మధ్యాహ్నం మళ్లా వేసిన. మిర్చి నిగనిగలాడింది. మళ్లా ఫోన్!

“కాయలు మంచిగున్నయ్ గానీ, నా మీసమేంది ఎర్రగైంది? పొద్దున గిట్ల కనపడలె.”

“అది మీరేసుకున్న నల్లరంగు వెలిసింది పెద్దనాయినా, నేనేం చెయ్యలె.”

ఆయన గొంతు తగ్గించిండు.

“అయితే కాయలు ఇప్పటియి ఉంచు, మీసం పొద్దటిది పెట్టు.”

మీసానికొక్కదానికే సెట్టింగ్ యాడుంటదో ఎవరికన్నా ఎరుకైతే చెప్పుండ్రి. ఆయన ఇంకా టీవీ ముందే కూసున్నడు.