మాస్టారు చెయ్యని ప్రమాణం

పదకొండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. దేవుడి ముందు చేసే ప్రమాణాలు ఉత్త మోసమని ఊరూరా వాదించినవాణ్ణి. ఆ వాదన మీద నాకిప్పటికీ అనుమానం లేదు. దాన్ని దేనికి వాడుకున్నానన్నదే ఈ బరువు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

మా నియోజకవర్గంలో ఏ పార్టీ అండా లేకుండా ఒక బడిపంతులు ఎమ్మెల్యే అయ్యారు. నాకు చదువు చెప్పినాయనే. నాస్తికుడు. పత్తి రైతులూ మిరప రైతులూ సైకిళ్ల మీద తిరిగి గెలిపించుకున్నారు. ఆయన ఉత్తరాలు నేను రాసిపెట్టేవాణ్ణి. అసెంబ్లీకి వెళ్లేముందు ఖాళీ లెటర్‌హెడ్ల మీద సంతకాలు పెట్టి నాకిచ్చేవారు. ఆస్పత్రికనీ పింఛననీ వచ్చినవాళ్లు తన కోసం పడిగాపులు పడకూడదని.

నా తోడల్లుడికి గుంటూరులో విత్తనాల కొట్టు. ఆ సంగతి మా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఒక ఏడు మిరప విత్తనాల మీద అనుమానం వచ్చి అధికారులు వాటిని పరీక్షకు పంపి, అతని అమ్మకాలు ఆపించారు. చెల్లెలి ఇల్లు ఎలా గడుస్తుందని నా భార్య రెండు రోజులు అన్నం ముట్టలేదు. బంధుప్రీతిని చీల్చిచెండాడుతూ అంతకు ముందు వారమే వ్యాసం రాసినవాణ్ణి, సంతకం ఉన్న ఒక కాగితం తీసి, ఈ వ్యాపారి నిజాయితీపరుడు, అమ్మకానికి అనుమతించగలరు అని టైపు చేశాను. విత్తనాలు మంచివేనని నమ్మానా? నమ్మాలనుకున్నాను. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగడమే హేతువాదం. ఆగలేదు.

అమ్మకం మళ్లీ మొదలైంది. మొక్కలు నడుమెత్తు పెరిగాయి. కాయ పట్టలేదు.

ఉత్తరం నకలు ఊళ్లకు పాకింది. మాస్టారు నన్నడిగారు. ఎవరో కాగితం కాజేసి ఉంటారన్నాను. నమ్మారు.

ప్రత్తిపాడు నుంచి ఖాసిం వచ్చాడు. కౌలు రైతు. ఎన్నికల్లో మాస్టారి కోసం కాళ్లరిగేలా తిరిగినవాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఆ ఉత్తరం నువ్వియ్యలేదా? అయితే గుళ్లో దీపం ఆర్పి చెప్పు మాస్టారూ! గుడి పడదంటావా, మా దర్గాకి రా. అదీ పడదంటే ఇంక నిన్నెట్టా నమ్మేది?"

అతను వెళ్లాక మాస్టారు నవ్వారు. "నేనివ్వలేదు కదా. వెళ్లి దీపం ఆర్పి వస్తే పోలా?"

"మీరా? ముప్పై ఏళ్లు దేవుడు లేడని చెప్పి, ఇప్పుడు గుళ్లో ఒట్టు పెడతారా? రేపు మన మొహం ఎవరు చూస్తారండీ?"

"దేవుడి కోసం కాదయ్యా, ఖాసిం కోసం. పంట పోయినవాడు."

"ఇవాళ ఖాసిం. రేపు ఇంకొకడు నిప్పుల మీద నడవమంటాడు. నడుస్తారా?"

"సరేలే. నువ్వే నయం, నన్ను నిలబెట్టావు" అన్నారు.

ఆయన సిద్ధాంతాన్ని కాపాడానా? లేదు. ఆయన ప్రమాణం చేస్తే జనం నమ్మేవారు. నమ్మాక, మరి ఎవరు రాశారని అడిగేవారు. ఆ కాగితాలు ఉన్నది నా ఒక్కడి దగ్గరే.

ప్రమాణానికి రాలేదంటే ఇచ్చినట్టేనన్నారు. తర్వాతి ఎన్నికల్లో డిపాజిట్టు కూడా దక్కలేదు. ఆయన మొండి ధైర్యాన్ని పొగుడుతూ నేనొక వ్యాసం రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. మాస్టారు దాన్ని కత్తిరించి దాచుకున్నారు. అన్నిటికంటే అదే నన్ను ఎక్కువ కోస్తుంది. రెండేళ్ల కిందట పోయారు, ఏమీ తెలియకుండానే. ఖాసిం గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల టిక్కీలు మోస్తున్నాడు. ఎదురుపడితే నమస్కారం పెడతాడు. తీసుకుంటాను.

దీనికింద పేరు పెట్టడం లేదు. అదీ పిరికితనమే, తెలుసు. క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేడు, ఉన్న మనిషిని అడిగే మొహం లేదు.

ఆ ఉత్తరం మాస్టారు ఇవ్వలేదు. నేను రాశాను. ఈ రెండు వాక్యాలూ ఇప్పుడు మీ దగ్గర కూడా ఉన్నాయి. నా ఒక్కడి దగ్గరే లేవు. అంతవరకు ఊపిరాడుతోంది.