క్యారేజీల బస్సు డ్రైవరు

1957లో నేను బందరులో ఒక మేజిస్ట్రేటు కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసేవాణ్ణి. బెంచి క్లర్కంటే మేజిస్ట్రేటు గారి ఎదుట కింది బల్ల దగ్గర కూర్చుని, కేసులు పిలిపించి, తీర్పయ్యాక రాతకోతలు చూసుకునేవాడు. రోజంతా అబద్ధాలు వినీ వినీ మనుషుల మీద నాకు పెద్ద భ్రమలుండేవి కావు. నాంచారయ్య కేసు తలుచుకుంటే మాత్రం, తప్పు నాది కాకపోయినా ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాంచారయ్య అవనిగడ్డ నుంచి బందరు వచ్చే బస్సు డ్రైవరు. చల్లపల్లి చుట్టుపక్కల తల్లులు, బందరులో చదువుకునే పిల్లలకు పొద్దున్నే వండి, క్యారేజీలు కట్టి ఆ బస్సుకే ఇచ్చేవారు. అతను వాటిని తన సీటు పక్కనే పెట్టుకుని చారు చుక్క ఒలక్కుండా తెచ్చేవాడు. ఒకరోజు ఉదయం ఆ బస్సు మలుపులో అదుపు తప్పి పొలంలోకి దిగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గాని క్యారేజీలన్నీ బురదపాలయ్యాయి. వచ్చిన పోలీసులకు డ్రైవరు నోటి దగ్గర వాసన తగిలింది. అప్పట్లో మద్యనిషేధం కూడాను. తాగడమే నేరం, తాగి బండి నడపడం ఇంకో నేరం.

ఊదించి చూసే యంత్రాలు అప్పుడెక్కడివి? డాక్టరు గారు వాసన చూసి, తిన్నగా నడిపించి, సర్టిఫికెట్టు రాసేవారు. ఈ కేసులో వాసన ఉందని రాశారు, నడక బాగానే ఉందని కూడా రాశారు. ప్లీడరు గారికి ఆ సందు చాలు. కడుపునొప్పికి అరిష్టం పుచ్చుకున్నాడని వాదన పెట్టారు. ఆయుర్వేదం మందు కదా, దానికీ అలాంటి వాసనే ఉంటుంది. కేసు కొట్టేస్తారనే నేనూ అనుకున్నాను. కొట్టెయ్యకపోతే లైసెన్సు పోతుంది, ఇంటిల్లిపాదికీ ఆ స్టీరింగే ఆధారం.

డ్రైవరు తరఫు సాక్షిగా సీతారావమ్మ గారని ఒక రైతు భార్య బోనెక్కింది. ఆవిడ కొడుకు బందరులో కాలేజీ చదువుతున్నాడు.

"ఈ డ్రైవరు మీకెలా తెలుసమ్మా?" అని ప్లీడరు గారు అడిగారు.

"రెండేళ్లబట్టీ మా వాడికి అన్నం తెచ్చేది ఇతనే కదండీ."

"తాగుతాడని ఎప్పుడైనా విన్నారా?"

ఆవిడకు కోపమొచ్చింది. "ఏం మాటండీ అది! తాగేవాడి చేతికి నా బిడ్డ అన్నం ఇస్తానా? ఇతను తాగాడంటే నా కొడుకు తాగాడన్నట్టే!"

ముద్దాయి బోనులో నాంచారయ్య కమ్మీ పట్టుకుని ముందుకు వంగాడు. "అయ్యగారూ, ఇంక ఆవిడ చేత చెప్పించొద్దండీ. నేను తాగానండి. మా బావమరిది పెళ్లిలో తెల్లారకుండానే కల్లు పోశారు, కాదనలేకపోయాను. అరిష్టం కాదండి."

"మతి పోయిందా నీకు?" అని ప్లీడరు గారు గుడ్లురిమారు.

మేజిస్ట్రేటు గారు కలం కింద పెట్టారు. "ఆలోచించుకునే చెప్తున్నావా? లైసెన్సు పోతుంది, తెలుసా?"

"తెలుసండి. ఆవిడ అట్లా చెప్తుంటే ఇక్కడ నిలబడలేకపోతున్నానండి."

మొదటి తప్పు కాబట్టి జైలు తప్పించి, జరిమానా వేసి, ఆరు నెలలు బండి నడపకూడదని తీర్పిచ్చారు. ఆ సంగతి లైసెన్సు మీదే రాయడాన్ని ఎండార్స్‌మెంటు అంటారు. అది నేనే రాశాను. రాసినంతసేపూ అతను తలెత్తలేదు.

వరండాలో కండువా మొహానికి అడ్డం పెట్టుకుని జారుకోబోతుంటే సీతారావమ్మ గారే పిలిచింది.

"ఆ ఒక్కనాడేనా?"

"ఆ ఒక్కనాడేనమ్మా. నా పిల్లల మీద ఒట్టు."

"అయ్యుండొచ్చు నాయనా. ఇందాకటి దాకా అయితే నీ చేత ఒట్టు కూడా వేయించుకునేదాన్ని కాదు."

అంత నెమ్మదిగా అన్న మాటకు మనిషి అంతలా కుంగిపోవడం నేను చూడలేదు. నిజం ఒప్పుకుంటే మనసు తేలికపడుతుందంటారు గాని, నాకు ఆ మొహంలో అలాంటిదేమీ కనపడలేదు.

గడువు తీరాక నాంచారయ్య లైసెన్సు కోసం వచ్చాడు. గుడివాడ బస్సులో చేరుతున్నానన్నాడు.

"అదేమిటయ్యా? మీ పాత యజమాని రమ్మంటున్నాడట కదా?" అన్నాను.

"ఆవిడ మళ్లీ క్యారేజీ ఇస్తే అందుకోలేనండి. ఇవ్వకపోతే తట్టుకోలేను."

అంతవరకూ శిక్షంటే నేను ఎండార్స్‌మెంటులో రాసేదేననుకున్నాను. ఆరు నెలలని రాశాను, ఆరు నెలలకు లైసెన్సు చేతికిచ్చాను. అతను మాత్రం ఆ తర్వాత ఒక్కసారి కూడా చల్లపల్లి మీదుగా బస్సు నడపలేదు.