ఇంకా మూడు పేజీలున్నాయి

నిన్న పావగడలో పెన్షన్ కాగితాలు తీయించుకుందామని జిరాక్స్ అంగడికి వెళితే, ప్రింటరు మధ్యలో ఆగి తెర మీద చిన్న పెట్టె ఒకటి వచ్చింది. కాగితం అయిపోయింది, ఇంకా మూడు పేజీలున్నాయి అని అందులో ఉంది. అంగడి అమ్మాయి కాగితం పెట్టి ఎంటర్ కొట్టింది, మిగతావి వచ్చేశాయి.

తొంభైల్లో బెంగళూరులో నా ఉద్యోగం ఇలాంటి పెట్టెలు తయారు చేయడమే. కంప్యూటరుకూ ప్రింటరుకూ మాట కలిపే ప్రోగ్రామును డ్రైవర్ అనేవాళ్లం. దాని లోపలి పని పెద్దవాళ్లది, మనుషుల కంటికి కనబడే పెట్టెలూ బొత్తాలూ నావి. కాగితం అయిపోయినప్పుడు వచ్చే పెట్టెలో మిగిలిన పేజీల లెక్క చూపడం దండగ అనుకున్నాను. తెలియక ఎంటర్ కొట్టినా ప్రమాదం ఉండకూడదని, ఎంటర్ కొడితే మిగిలిన ప్రింటు పని రద్దయ్యేలా పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

శెనక్కాయ పూతలోనే మాడిపోయి, పశువులకు మేతగా వేసే ఎండు కట్టె కూడా మిగలని ఆ ఏడు మన ఈడు వాళ్లెవరూ మరచిపోయి ఉండరు. ఒక సంఘం వాళ్లు పశువులకు మేత శిబిరం పెట్టి, చేర్చుకునే రైతుల పేర్లు గోడకు అంటించారు. మా చిన్నాన్న మా ఊరు రాయచెర్లు నుంచి జత ఎద్దులను ఎండలో తోలుకుపోతే, పట్టీలో పేరు లేదని గేటు దగ్గరే తిప్పి పంపేశారు. పేరు ఎక్కించేలోపే ఒక ఎద్దు పడిపోయింది, రెండోదాన్ని కటికవాళ్లకు తోలేశాడు.

సెలవుకు వచ్చిన నేను కోపం పట్టలేక సంఘం ఆఫీసుకు పోయాను. కంప్యూటరు దగ్గరి అమ్మాయి, "కాగితం అయిపోతే మళ్లా ఏసి ఎంటర్ కొట్టినా సార్, అంతా అయిపాయెననుకుంటి" అని నా ఎదుటే మళ్లీ చేసి చూపింది. వచ్చింది నా పెట్టే. ఎంటర్ కొట్టగానే అది మాయమైంది, ప్రింటరు కదల్లేదు. మా ఊరి పేర్లున్న చివరి పేజీలు అసలు కాగితం మీదికే రాలేదు.

సెక్రటరీ అక్కడికక్కడే ఆమెను పనిలోనుంచి తీసేశాడు. తప్పు నాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బెంగళూరు చేరగానే ఎంటర్ కొడితే ప్రింటు కొనసాగేలా సరిచేసి, మిగిలిన పేజీల లెక్క చూపే వరుస చేర్చాను. మా పైఅధికారి భుజం తట్టాడు.

చిన్నాన్న పోయేదాకా, "ఆ పిల్ల చెయ్యి పడిపోను, నా ఎద్దుల్ని పొట్టన పెట్టుకునింది గదప్పా" అంటూనే ఉన్నాడు. నేను తల ఊపేవాణ్ణి.

ఇప్పుడు ఆయన చేను నిండా సోలార్ పలకలే, ఊళ్లో వెతికినా ఎద్దు కనబడదు. జిరాక్స్ అంగడి అమ్మాయి భయం లేకుండా ఎంటర్ కొడుతుంది. ఆనాటి ఆ అమ్మాయి ఎక్కడుందో, తప్పు తనదేనని ఇంకా అనుకుంటూ ఉందో ఏమో. చిన్నాన్న శాపాలన్నీ ఆమెకే పోయాయి, నాకు రావలసినవి.